జొన్నచేను చుట్టూ బావ క్యాసెట్టు

చనిపోయినవాడి మూడో రోజున ఒక్క కాకి కూడా రాకుండా చెయ్యటం ఎలాగో ఈ పల్నాడు మొత్తంలో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నేను చేసి చూపించాను. నలభై మంది సాక్షులున్నారు. ఆ నలభై మందిలో నాకు దండం పెట్టినవాళ్ళే గాని తిట్టినవాడు ఒక్కడూ లేడు. అదీ ఇందులో అసలు ఘోరం. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. కాకపోతే ఇంట్లో ఎవరూ లేనప్పుడు చదివితే మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు. దానికి మాత్రం నేను పూచీ కాదు.

మా బావ కోటయ్య, అంటే మా అక్క పేరమ్మ మొగుడు, ముప్పయ్యేళ్ళు లారీ నడిపాడు. మాచర్ల వైపు నాపరాళ్ళు ఎక్కించుకుని మద్రాసు దాకా వెళ్ళేవాడు. ఒక ట్రిప్పులో హార్బరు దగ్గర ఓడలో పనిచేసే తెల్లవాడెవడికో సామాను దించిపెడితే, వాడు సంతోషపడి చేతిలో ఒక క్యాసెట్టు పెట్టాడట. అట్ట మీద జులపాలవాళ్ళు నలుగురు. ఒక్కడి మొహంలోనూ నవ్వు లేదు. ఎవరినో మోసుకొచ్చి, దించి, కాళ్ళు కడుక్కోకముందే ఫొటోకు నిలబడ్డట్టు ఉంటారు.

"ఇది మామూలు క్యాసెట్టు కాదురా నాగులూ," అన్నాడు బావ మొదటిసారి నాకు చూపించినప్పుడు. "వాళ్ళు ఇన్నేళ్ళు పాడినవాటిల్లో గట్టియ్యన్నీ ఏరి ఒక్కచోట పోశారు. మనం విత్తనానికి మంచి కంకులు ఏరి పెట్టుకోమా, అట్టా."

"నీకెవుడు చెప్పాడు?"

"హార్బరులో ఇంగిలీషొచ్చినోడొకడు చెప్పాడు. ఇదేందో రాక్ బ్యాండంట. ఈ నలుగురూ వాయించినాకనే మిగతా బ్యాండులోళ్ళకి గిటారు ఎట్టా పట్టుకోవాల్నో తెలిసిందంట."

"ఎవురూ పట్టుకోకుండా ఉంటే ఊరు బాగుండేది."

బావకు కోపం రాలేదు. ఆయనకు కోపం రాదు, అదే నాకు కోపం. టూ ఇన్ వన్‌లో క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు. మొదట ఎక్కడో దూరంగా గంట మోగింది. తర్వాత గాలి. తర్వాత గనిలో డ్రిల్లు దించినట్టు గిటారు. దాని మీద ఒకడు నూతిలో పడి, పైన ఎవరూ లేరని తెలిసి కూడా పిలుస్తున్నట్టు అరవటం మొదలుపెట్టాడు.

"వాడేమంటన్నాడో నీకు తెలుసా బావా?"

"తెలియకపోతే ఏందిరా? మనిషి ఏడస్తంటే ఏ భాషలో ఏడస్తన్నాడని అడుగుతామా?"

నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. ఆ రోజు మొదలు, ఆ క్యాసెట్టు ఎప్పుడు పెట్టినా నేను లేచి బయటికి వెళ్ళటమే. అన్నం ముందు కూర్చున్నా సరే, కంచం పట్టుకుని అరుగు మీదికి పోయేవాణ్ణి. "వాడి చావుపాట మళ్ళీ మొదలెట్టాడు" అని నలుగురికీ వినిపించేలా అనేవాణ్ణి. మా అక్క పొయ్యి దగ్గర నుంచి నా వైపు ఒక చూపు చూసేది. ఆ చూపుకు అర్థం నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

ఒక మాఘమాసంలో బావ పోయాడు. గుండె. టీ గ్లాసు చేతిలో ఉండగానే తల వాల్చాడు. వాళ్ళ జొన్నచేను గట్టున పూడ్చాం.

అక్క ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. "ఆయన పొయ్యేముందు నా దిక్కు చూసి ఏదో చెప్పబొయ్యాడురా," అంది నాతో. "నోరు తెరిచాడు. మాట రాలా. ఏం కావాల్నో ఏమో. పిట్ట ముట్టేదాకా నేను మెతుకు ముట్టను."

ఇతర ప్రాంతాలవాళ్ళ కోసం చెబుతున్నాను. మా వైపు మూడో రోజున పిట్టకు పెడతాం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, పూడ్చినచోట ఆకులో వడ్డించి, దూరంగా వెళ్ళి నిలబడతాం. కాకి వచ్చి ముట్టిందా, మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలి అక్కడక్కడే తిరుగుతున్నట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి "నీ కోరిక నేను తీరుస్తా" అని మాట ఇవ్వాలి. సరైన మాట పడేదాకా కాకి రాదు.

రెండో రోజు మధ్యాహ్నం నేను చేను దగ్గరికి వెళ్ళాను. జొన్న పాలు పోసుకుని ఉంది. ఇంటిల్లిపాదీ చావు పనిలో ఉంటే పిచ్చుకలూ చిలకలూ చేనంతా తమదే అన్నట్టు కూర్చున్నాయి. నాకు కడుపు మండింది. అక్క పంట పిట్టల పాలవుతుంటే తమ్ముడనేవాడు చూస్తూ ఊరుకుంటాడా?

చేలకు పిట్టలు రాకుండా మేము పాత క్యాసెట్లలో రీలు లాగి, కర్రలు పాతి, చుట్టూ బిగించి కడతాం. ఎండకు తళతళలాడుతుంది, గాలికి మోగుతుంది, పిట్ట బెదిరిపోతుంది. నేను గబగబా అక్క ఇంటికి వెళ్ళి అల్మారా తెరిచాను. దేవుడి పాటలు ఉన్నాయి. దేవుణ్ణి కర్రకు కట్టటం తప్పు. నాటకం పద్యాలు ఉన్నాయి. అవి నాకు ఇష్టం. బావ కూతురు రమణ పెళ్ళి వీడియో ఉంది. అది ముడితే పిల్ల నన్ను చంపుతుంది. ఇక మిగిలింది ఆ నవ్వని నలుగురు.

"వినేవాడే పొయ్యాడు గదా, ఇంక దీన్నెవరు వింటారు" అనుకున్నాను.

రీలంతా బయటికి లాగి, తెంపి, ఖాళీ క్యాసెట్టును మళ్ళీ పెట్టెలో పెట్టి, పెట్టెను అల్మారాలో యథాస్థానంలో పెట్టాను. వృత్తిలో ఉన్న దొంగ కూడా అంత శుభ్రంగా చెయ్యడు. అక్క ఆ గదిలోనే, ముసుగు తన్ని గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

చేను చుట్టూ కర్ర కర్రకూ బిగించి కట్టేసరికి పొద్దు వాలుతోంది. ఆఖరి ముడి వేసి చెయ్యి తీశానో లేదో, గాలి వచ్చింది. రీలు మోగింది.

నేను జీవితంలో వంద చేలకు రీలు కట్టాను. రీలు మోత ఎలా ఉంటుందో నాకు తెలుసు. తుమ్మెద మోతలా ఉంటుంది. ఇది తుమ్మెద కాదు. ఇది ఎవరో నోరు మూసుకుని, గొంతులోనే పాడుతున్నట్టు ఉంది. ఎక్కి, దిగి, ఆగి, మళ్ళీ ఎత్తుకుంటోంది. చేలో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. అరవలేదు. అరవకుండా లేచిన పిట్టల్ని మీరెప్పుడైనా చూశారా? రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. గట్టు మీద పడుకున్న కుక్క కూడా లేచి, బావను పూడ్చినచోటు వైపు ఒకసారి చూసి, తోక ముడుచుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

"బాగా పనిచేస్తంది" అనుకుని నేనూ కుక్క వెనకే నడిచాను. దానికన్నా కొంచెం వేగంగానే.

బుద్ధి ఉన్నవాడికి అక్కడే వెలగాలి. రేపు పొద్దున అదే గట్టు మీద నిలబడి ఊరంతా కాకిని పిలవాలి. ఇవాళ సాయంత్రం అదే గట్టు చుట్టూ పిట్టన్నది రాకుండా నేను ఏర్పాటు చేశాను. ఈ రెండు సంగతులూ నా తలలో పక్కపక్క ఇళ్ళలో కాపురమున్నాయి. రాత్రంతా ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

తెల్లవారింది. మంచు. ముందు నడిచేవాడి వీపు తప్ప ఏమీ కనిపించని మంచు. ఆకులో గోంగూర, కోడికూర, వేడన్నం, ఒక గ్లాసు టీ, ఒక బీడీకట్ట పెట్టి, అందరం ఇరవై అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాం.

కాకి లేదు.

"కావ్ కావ్" అని పిలిచాం. మా పిలుపు మంచులో పడి మాయమైంది. మామూలుగా మా ఊళ్ళో అన్నం మూత తీస్తే చాలు, కాకులు చుట్టాల్లా దిగుతాయి. ఆ పొద్దున ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. అప్పుడే చేలోంచి ఆ మోత మొదలైంది.

"వినపడతందా?" అన్నాడు వెంకయ్య బాబాయి. బావ చేనుకు ఆనుకుని ఉన్న చేను ఆయనదే. ఊళ్ళో ఇలాంటి పనులకు పెద్దరికం కూడా ఆయనదే.

"మూలుగు," అంది ఎవరో ముసలామె.

"నాన్నే," అంది రమణ, సత్తెనపల్లి నుంచి వచ్చిన బావ కూతురు. "నాన్నకి ఏదో కావాల." ముందుకు పోయి చేతులు జోడించింది. "నాన్నా, అమ్మని నేను చూసుకుంటా. రా నాన్నా."

కాకి రాలేదు. మోత కొంచెం పెరిగింది.

వెంకయ్య బాబాయి మొహం తెల్లబడింది. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, "కోటయ్యా! గట్టురాయి నేనే జరిపాన్రా! రెండడుగులే! సాయంత్రానికల్లా వెనక్కి పెడతా, రారా నాయనా!" అని అరిచాడు.

"అదేంది తాతయ్యా," అంది రమణ ఏడుపు ఆపి. "నువ్వు జరపలేదని గుళ్ళో ఒట్టేశావు గదా?"

"అప్పుడు మీ నాన్న బతికే ఉన్నాడు గదమ్మా."

అప్పుడు వెలిగింది నాకు. పక్కపక్క ఇళ్ళలో ఉన్న ఆ రెండు సంగతులూ ఒక్కసారిగా తలుపులు తీసుకుని వీధిలోకొచ్చి కొట్టుకున్నాయి. ఇది బావ కోరిక కాదు, నా రీలు. నేనేమన్నా నోరు విప్పితే, అక్క మూడు రోజుల ఉపవాసం మీద నలభై మంది నన్ను ఆ గట్టులోనే బావ పక్కన సర్దుతారు.

"కాలకృత్యం," అని గొణిగి మంచులోకి జారుకున్నాను. మంచు నా పాలిట దేవుడు. చేను చుట్టూ వంగి వంగి పరిగెత్తుతూ, రీలంతా లాక్కుంటూ బనీనులోకి కుక్కుకున్నాను. మంచుకు తడిసి ఉంది. ఒంటికి తగిలితే చచ్చిన పాములా చల్లగా ఉంది. ఆఖరి కర్ర దగ్గర ముడి తెంపి, ఊపిరి పీల్చుకుని, వచ్చి జనంలో నిలబడ్డాను.

పక్కన మస్తాను ఉన్నాడు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. అంతకుముందు టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. బావ ప్రాణస్నేహితుడు.

"ఏందన్నా, పొట్ట అట్టా లేచింది?"

"గ్యాసు."

"నిమ్మకాయ సోడా తాగు."

"తాగుతాలే. కాకిని చూడు."

ఇక కాకి వస్తుంది. రాక ఏం చేస్తుంది? అడ్డం తీసేశాను గదా. నేను చేతులు కట్టుకుని ధీమాగా నిలబడ్డాను. నిజంగానే మంచు కాస్త పలచబడి, అందులోంచి ఒక కాకి వచ్చి మోటారు దగ్గరి కరెంటు స్తంభం మీద వాలింది. జనం "అదిగో" అన్నారు. కాకి ఆకు వైపు చూసింది. అన్నం వైపు చూసింది. దిగలేదు. మెడ తిప్పి జనంలో ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగింది.

అప్పుడు మళ్ళీ మోత మొదలైంది.

అర్థమైందా మీకు? రీలు నా బనీనులో ఉంది. మోత బయట ఉంది. ఎక్కి, దిగి, ఆగి, మళ్ళీ ఎత్తుకుంటోంది. అదే వరస. నేను బనీనులో చెయ్యి పెట్టి రీలును గట్టిగా అదిమాను. మోత ఆగలేదు. అంత చలిలో నా చెవుల వెనక నుంచి చెమట కారింది.

"నాగులూ, అది నీ దిక్కే చూస్తంది," అన్నాడు బాబాయి. "నువ్వు చెప్పరా ఏదన్నా."

వెనకవాళ్ళు నన్ను ముందుకు తోశారు. "బావా," అన్నాను. గొంతు మేకపిల్లలా వచ్చింది. "నీ పాటను ఇంకెప్పుడూ తిట్టను."

కాకి కదల్లేదు.

"వేలిముద్రగాడా అని నన్ను ఏడిపించేవాడివి గదా. అక్షరాలు నేర్చుకుంటా బావా. ఈ ఏడే నేర్చుకుంటా."

కాకి స్తంభం మీద ఒక అడుగు ఇటు వేసింది.

"కదిలింది!" అని అరిచారు వెనక నుంచి. "ఇంకోటి చెప్పు, ఇంకోటి!"

"బీడీలు మానేస్తా బావా!"

కాకి ఒక అడుగు వెనక్కి వేసింది.

"అది వద్దులేరా," అన్నాడు బాబాయి. "వాడికి జోడీ ఉండదు."

అప్పుడు అక్క నోరు విప్పింది. మూడు రోజుల్లో జనం ముందు ఆమె మాట్లాడటం అదే మొదలు. "ఆయన క్యాసెట్టు తెచ్చి పెట్టండి," అంది. "పాట పెడితే వస్తాడు."

రమణ స్కూటీ మీద ఇంటికి వెళ్ళి టూ ఇన్ వన్‌నూ, క్యాసెట్టు పెట్టెనూ తెచ్చింది. మస్తాను పెట్టె తెరిచాడు. క్యాసెట్టును మంచు వెలుతురులో ఎత్తి చూశాడు. అటూ ఇటూ తిప్పాడు.

"రీలు లేదు," అన్నాడు.

"లేకపోవటం ఏంది?"

"లేదు బాబాయ్. లోపలంతా ఖాళీ. స్క్రూలు విప్పిన గుర్తు గూడా లేదు. ప్రాణం పొయ్యినట్టు పొయ్యింది."

ఆ మోత ఒక్కటే. వెంకయ్య బాబాయి చంకలోని తలపాగాను మెల్లగా గుండెకు అదుముకుని, "తనతో తీసుకుపొయ్యాడు," అన్నాడు. ముసలామె దబ్బున కూర్చుంది. రమణ వాళ్ళమ్మను పట్టుకుంది. అక్క మాత్రం క్యాసెట్టు వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"నాగులూ," అన్నాడు బాబాయి. "నీ కాలికాడ ఏందిరా అది?"

వంగి చూసుకున్నాను. నా బనీను కింద నుంచి పంచె మీదుగా ఒక నల్లటి పోగు జారి, మట్టి మీద పడి, చిన్న పురుగులా వణుకుతోంది.

నిజం చెప్పటానికి మనిషికి జీవితంలో కొన్ని మంచి అవకాశాలు వస్తాయి. అది వాటిలోకెల్లా మంచిది. నేను దాన్ని కాలితో తన్నేశాను.

"మట్టిలో ఉంది బాబాయ్!" అన్నాను. "బావ మట్టిలోంచి! లాగితే వస్తంది!"

ఠక్కున బోర్లా పడి, పొట్ట నేలకు ఆనించి, బనీనులోంచి లాగటం మొదలుపెట్టాను. చూసేవాళ్ళకు నేలలోంచి వస్తున్నట్టే ఉంది. మూర, రెండు మూరలు, పది మూరలు. నల్లగా, తడిగా, మట్టి అంటుకుని వస్తూనే ఉంది. వెనక ధబధబమని చప్పుడైంది. తిరిగి చూస్తే నలభై మందీ మోకాళ్ళ మీద ఉన్నారు. మస్తాను కూడా.

"నీ చేతికే ఇచ్చాడంటే వాడికి నీతోనే పనుంది," అన్నాడు బాబాయి. "ఇంకెవురూ ముట్టొద్దు. నువ్వే చుట్టాల. ఇక్కడే, వాడి పక్కనే కూర్చుని."

అలా నేను, ముప్పయ్యేళ్ళు ఆ పాటకు గడప దాటినవాణ్ణి, బావ తలాపున చతికిలబడి ఆ పాటను నా చేతుల్తో మళ్ళీ క్యాసెట్టులోకి చుట్టాను. మస్తాను చాకుమొనతో స్క్రూలు విప్పి, తెగిన కొసల్ని రమణ ఇచ్చిన బొట్టుబిళ్ళలతో అతికించాడు. చక్రం తిప్పటానికి జొన్నదంటు ముక్క చెక్కి ఇచ్చాడు. తిప్పుతూనే ఉన్నాను. మంచు విడిపోయింది. ఎండ ఎక్కింది. కాకి స్తంభం దిగలేదు, ఎగిరి పోలేదు. పనివాడి మీద మేస్త్రీలా చూస్తూ కూర్చుంది.

మోత ఇప్పుడు దగ్గరికి వచ్చింది. నా వెనకే, నా వీపుకు రెండు మూరల దూరంలో. తిరిగి చూడమని ఎవరైనా ఎకరం రాసిస్తానన్నా నేను తిరగను.

చుట్టటం అయింది. మీట నొక్కాను.

మోత ఆగిపోయింది.

క్యాసెట్టులోంచి ముందు ఇసక రాలినట్టు చప్పుడు వచ్చింది. తర్వాత ఎవరో నీళ్ళ అడుగున మాట్లాడుతున్నట్టు. మాట మొదలయ్యే చోట ముగుస్తోంది, ముగిసే చోట మొదలవుతోంది. ఊపిరి బయటికి రావటానికి బదులు లోపలికి పోతోంది.

"తిరగబడి పాడతంది," అన్నాడు మస్తాను. "రీలు మెలిక పడిందన్నా. వెనక నుంచి ముందుకి వస్తంది."

"మెలికా కాదు, ఏమీ కాదు," అన్నాడు బాబాయి. "వాడిప్పుడు అవతలిపక్కన ఉన్నాడు. అక్కడ కూర్చుని వింటే ఇట్టానే ఉంటది."

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నా తల మీద వెంట్రుకలు ఒక్కొక్కటిగా లేచి నిలబడ్డాయి. అప్పటికి నాకు కొంచెం ఎక్కువ వెంట్రుకలు ఉండేవి.

క్యాసెట్టు ఒకసారి కీచుమంది. మెలిక దాటింది. గొంతు తేటపడింది. ఒక్క గిటారు. డప్పులు లేవు, అరుపులు లేవు. లోడు దించేసిన లారీ ఖాళీగా, తీరిగ్గా ఇంటిదారి పట్టినట్టు ఉంది. దాని మీద వాడు నెమ్మదిగా పాడుతున్నాడు. వాడు ఏడవటం లేదు. ఏడవటం అయిపోయినవాడు పాడే పాట అది. ఇన్నేళ్ళలో నేను ఎప్పుడూ ఇంత దూరం వినలేదు. దీనికి ముందే లేచి వెళ్ళిపోయేవాణ్ణి గదా.

కాకి దిగింది.

ఎగిరి రాలేదు. గట్టు మీద వాలి, నడుచుకుంటూ వచ్చింది. టీ గ్లాసును దాటింది. కోడికూరను దాటింది. నా మోకాలు పక్కనుంచే వెళ్ళింది. గోంగూర కలిసిన మెతుకులు ఒక ముక్కున ఎత్తి, మింగి, నా మొహంలోకి చూసింది. మళ్ళీ ఒక ముక్క. జనం ఊపిరి వదిలిన చప్పుడు గాలిలా వచ్చింది. నేను మీట ఆపబోయాను.

"ఆపొద్దు," అంది అక్క వెనక నుంచి. "చివరిదాకా ఉండనీయ్."

రెండు వైపులా చివరిదాకా కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం అక్క అన్నం తిన్నది. నేను తినలేదు. నాకు దిగలేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. మర్నాటికల్లా సంగతి నకరికల్లు దాటింది. కోటయ్య బామ్మర్దికి మట్టిలోంచి పాటలొస్తాయట! ఒకామె పోయిన మొగుడి సెల్‌ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "అన్నా, దీనికి తాళం నంబరేందో ఆయన్నడిగి చెప్పన్నా," అని ఏడ్చింది. ఇంకొకడు పొలం కాగితాలు ఎక్కడ దాచాడో వాళ్ళ తాతనడగమన్నాడు. నేను రెండు నెలలు దొడ్డిదారిన తిరిగాను. వెంకయ్య బాబాయి గట్టురాయి వెనక్కి పెట్టాడు, అదొక్కటే లాభం. ఇచ్చిన మాట ప్రకారం నేను పెద్దవాళ్ళ బడికి పోయి, పలక పట్టుకుని, మనవడి వయసు పిల్ల చేత మొట్టికాయలు తిని అక్షరాలు నేర్చుకున్నాను. కాకికి ఇచ్చిన మాట. తప్పటానికి ధైర్యం చాల్లేదు.

నాలుగేళ్ళు ఆ అబద్ధాన్ని కడుపులో పెట్టుకున్నాను. చివరికి ఒకరోజు అక్క చింతపండులో గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. అల్మారా, రీలు, బనీను, అన్నీ. అక్క గింజలు తీయటం ఆపలేదు.

"నాకు తెలుసులేరా," అంది.

"ఏంది తెలుసు?"

"నేను పడుకున్నాను గాని నిద్రపోయానా? ఇటు తిరిగి ముసుగు సందులోంచి నువ్వు అల్మారాలో ఏరటం చూస్తానే ఉన్నా. దేవుడిది వదిలేశావు, పద్యాలది వదిలేశావు. మా ఆయనది తీసుకున్నావు."

"మరి ఆ రోజు నేను మట్టిలోంచి వచ్చిందంటే నోరెందుకు మూసుకున్నావే?"

"ముప్పయ్యేళ్ళు ఆయన పాట పెడితే లేచి బయటికి పొయ్యావురా నువ్వు. ఆయన ఒక్కసారన్నా నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని వినిపియ్యాలని ఎంత చూశాడో నీకు తెలుసా? దొరికావు. ఎందుకు వదులుతాను?"

నేనూ ఒక చింతపండు రెబ్బ తీసుకుని గింజ ఒలిచాను. కాసేపటికి, "అయితే రీలు తీసినాక గూడా ఆ మోత…" అన్నాను.

"అది నేనే. ఆ పొద్దున చెంగు ముసుగులో నోరు మూసుకుని పాడుకున్నా. ముప్పయ్యేళ్ళు విన్నాక వరస రాదా?"

నాలుగేళ్ళ బరువు దిగిపోయింది నాకు. పగలబడి నవ్వాను. "హమ్మయ్య! ఇదంతా నువ్వేనా! నేనింకా బావేననుకుని చస్తన్నా. అయితే మరి కాకి? రీలు తీసినా రాకుండా, పాట మొదలైనాకనే వచ్చిందే, దానికేం మంత్రమేశావే?"

అక్క చేతిలో గింజ అలాగే ఉంది. మొదటిసారి తలెత్తింది.

"కాకి సంగతి నాకేం తెలుసురా," అంది. "అది నీకు తెలుసనుకున్నా."

నేను లేచి పెరటి తలుపు వేసి వచ్చాను.

కాబట్టి కోటప్పకొండ త్రికోటేశ్వరుడి సాక్షిగా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ నాగులు ఏ చేనుకూ రీలు కట్టడు. జొన్నలు పిట్టలు తింటే తిననీ. ఒకరికి ఇష్టమైన పాట మధ్యలో లేచి పోడు, అది ఏ భాషలో ఏడ్చినా సరే. కాకి ముందు ఏ మాటా ఇవ్వడు. ఇది నేనున్నంత కాలం చెల్లే ప్రమాణం.

అయినా ఇప్పుడు ప్రమాణం చేసి ఏం లాభం లెండి. మొన్న మా అక్క నన్ను చేను దగ్గరికి తీసుకువెళ్ళి, బావ పక్కనే ఆరడుగులు కొలిచి, నాలుగు రాళ్ళు పాతి, "ఇది నీకురా" అని చూపించింది. ఈసారి పాట మొదలైతే లేచి బయటికి పోవటానికి వీలుండదు.